తెల్ల అంగీలు తొడిగిన పుస్తకాలు

నా పుస్తకాలన్నీ ఒకప్పుడు తెల్ల అంగీలు తొడుక్కుని ఉండేవి. ఎవరైనా హఠాత్తుగా తలుపు తీస్తే, గదిలో బడి ప్రార్థన జరుగుతున్నదనుకుని చేతులు కట్టుకుని నిలబడిపోయేవారు. ఎవరైనా అంటున్నాను గానీ, నిజానికి ఆ తలుపు తీసేవారు ఎవరూ లేరు. ఆ రోజుల్లో కోరుట్లలో పుస్తకాలున్న గది తలుపు తట్టడం కంటే పులి బోను తలుపు తట్టడం నయమని జనం అభిప్రాయం. పులి కరిస్తే దవాఖానకు తీసుకుపోతారు. పుస్తకం కరిస్తే ఠాణాకు తీసుకుపోతారు.

అది అన్నల కాలం. అడవి వైపు నుంచి వాళ్ళు వచ్చేవారు, ఠాణా వైపు నుంచి వీళ్ళు వచ్చేవారు. వాళ్ళు వచ్చిపోయిన ఇంటికి వీళ్ళు, వీళ్ళు వచ్చిపోయిన ఇంటికి వాళ్ళు. ఎవరూ రాని ఇల్లు ఏదైనా ఉందంటే అది నా గది ఒక్కటే.

అంగీల సంగతి ముందు చెప్పాలి. మాది సిరిసిల్ల. ఇంట్లో మరమగ్గాలు. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాణ్ణి. మాట వినపడదు కాబట్టి మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకునేవారు కారు, పెదవులు చూసి అర్థం చేసుకునేవారు. మా అమ్మ నన్ను తిడుతున్నదా, అన్నానికి పిలుస్తున్నదా అన్నది ఆమె చేతిలో గంటె ఉన్నదా లేదా అన్న దాన్నిబట్టి తెలుసుకునేవాణ్ణి. పుస్తకాల పిచ్చి పట్టాక ఆ మగ్గాల పక్కనే కూర్చుని గొంతు చించుకుని చదివేవాణ్ణి. కథలో ఎవరైనా ఏడిస్తే ఏడ్చేవాణ్ణి, కొట్లాడితే కొట్లాడేవాణ్ణి. మూరెడు దూరంలో నిలబడి నూలు కండె మార్చే మా నాన్నకు ఒక్క ముక్క వినిపించేది కాదు. అట్లా కొన్ని వందల పుస్తకాలు బిగ్గరగా చదివాను. విన్న మనిషి మాత్రం ఒక్కడూ లేడు.

ఉద్యోగం వచ్చి కోరుట్లకు పోతున్నప్పుడు మా నాన్న నా పెట్టెలు తెరిచి చూశాడు. ఆయనకు పుస్తకంలో ఏముందో అక్కరలేదు. నేతగాడు గదా, రంగు చూశాడు.

"గిన్ని ఎర్రట్టలు ఎందుకురా? పచ్చయి దొరుకయా, నీలంయి దొరుకయా?"

"గా మీదున్నది వంటల పుస్తకం నాయినా."

"పోలీసోడు కూర వండుకుంట సదువుతడా? ఎరుపు కనవడ్డదా, అయిపాయె."

ఆయన మాటలో అబద్ధం లేదు. మా గల్లీలో ఒకాయన ఎర్రట్ట ఉన్నదని పంచాంగాన్ని బావిలో వేశాడు. ఆ ఏడంతా ఆ ఇంట్లో ఏ మంచిరోజూ రాలేదు. మగ్గాల మీద మిగిలిన తెల్ల బట్ట ముక్కలన్నీ మా అమ్మ ముందు కుప్ప పోశాడు నాన్న. అమ్మ మిషను ముందు కూర్చుని పుస్తకం పుస్తకానికీ కొలత తీసి అంగీలు కుట్టింది. లావు నవలలకు నడుము దగ్గర కాస్త వదులు కూడా పెట్టింది. తర్వాత కొన్నవాటికి నేను సెలవుల్లో తెచ్చినప్పుడు కుట్టేది. ఎరుపు కనిపించకుండా పోయింది. దానితోపాటు పేర్లూ కనిపించకుండా పోయాయి. నవల అనుకుని చేయి వేస్తే వరి తెగుళ్ళ నివారణ వచ్చేది. సరే, వచ్చింది కదా అని అదే చదివేవాణ్ణి. దోమపోటు గురించి నాకు తెలిసినంత దోమకు కూడా తెలిసి ఉండదు.

కోరుట్లలో నా సంసారం అంతా ఆ పుస్తకాలే. గోడలకు ఆనించి పేర్చాను. కొన్నాళ్ళకు పుస్తకాలకు గోడలు ఆనుకుని నిలబడ్డాయి. పొద్దుగుంకేసరికి బజారు మూసేవారు. బంద్ పిలుపు వచ్చిన రోజున బస్సులుండవు, ఆఫీసుండదు, చాయ్ కూడా ఉండదు. లోకమంతా తిట్టుకుంటూ తలుపులు బిగించుకుంటే నేను ఒక్కణ్ణి పండగ వచ్చినట్టు కొత్త పుస్తకం తీసి వాసన చూసేవాణ్ణి. పాత పుస్తకానికి ఒక వాసన ఉంటుంది, ఎండబెట్టిన చింతపండుకూ పాత బీరువాకూ మధ్య ఎక్కడో. ఆ వాసన గురించి ఎవరికైనా చెప్పాలనిపించేది. బంద్ రోజున ఎవరికి చెబుతాం? మామూలు రోజున మాత్రం ఎవరికి చెప్పాను గనక.

ఆదివారం వస్తే జగిత్యాల బస్సెక్కేవాణ్ణి. బస్టాండు దగ్గర పాత పేపర్లు కొనే రద్దీ దుకాణం ఒకటి ఉండేది. అందులో పుస్తకాలు తరాజు మీదికి పోయేవి. నేను తరాజుకూ పుస్తకానికీ మధ్య చేయి అడ్డం పెట్టేవాణ్ణి.

"ఏం గావాలె సారూ?"

"నవల."

"ఎంతల నవల? అరకిలల గావాల్నా, కిలల గావాల్నా?"

"మంచిది కావాలె."

"నిన్న ఒకటి కిలన్నర తూగింది. అంత మంచి నవల ఈ మధ్యన రాలే."

సాహిత్యాన్ని అంత సూటిగా అంచనా వేసిన విమర్శకుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఆ కిలోన్నర నవలే కొన్నాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే బస్సు ఆ పక్కకే ఒరిగి నడిచింది.

ఆఫీసులో తోటివాళ్ళు మంచివాళ్ళే. కలిసి టిఫిన్ తినేవారు. గదికి రమ్మంటే మాత్రం ఒకరికి ఉపవాసం, ఒకరికి చుట్టాలు, ఒకరికి మోకాలి నొప్పి. పెళ్ళి సంబంధాలదీ అదే కథ. ఎల్లంతకుంట వైపు నుంచి పిల్ల మేనమామ ఒకాయన సిరిసిల్లకు వచ్చి మా నాన్నను అడిగాడు.

"పిల్లగానికి తాగుడు గిట్ల?"

"లేదు."

"పత్తాలాడుతడా?"

"పేకముక్క ముట్టడు."

"మల్ల ఆఫీసు ఇడిసినంక ఏం జేత్తడు?"

"సదువుతడు."

ఆయన చాయ్ కప్పు కింద పెట్టేశాడు. "తాగెటోడు ఎంత రాత్రయినా ఇంటికత్తడు బావా. సదివెటోడు ఎటువోతడో ఎవలకెర్క?" అని లేచాడు. ఎర్రంచు చీర కట్టుకున్నందుకు మా అమ్మను కూడా ఒకసారి అనుమానంగా చూసి వెళ్ళాడట.

నేనుండే గది ఒక పెద్ద ఇంటి వెనక భాగం. ముందు భాగంలో ఇంటాయన ఒక్కడే ఉండేవాడు. కథలాపూర్ దిక్కు ఒక ఊరికి దొర. అన్నలు ఊరొదిలిపొమ్మన్నారు, వదిలి వచ్చాడు. ఆయన గడీ అక్కడ తాళంతో ఉంది, ఆయన ఇక్కడ తాళం లేకుండా ఉన్నాడు, అంతే తేడా. పొద్దంతా అరుగు మీద చేతుల కుర్చీలో కూర్చుని బజారు చూసేవాడు. బజారు మాత్రం ఆయనను చూడకుండా ముఖం తిప్పుకుని పోయేది. ఆయనతో మాట్లాడితే ఒకరు రాసుకుంటారని భయం, మాట్లాడకపోతే ఇంకొకరు రాసుకుంటారని భయం.

గదిలో దిగిన రోజున నేను వంగి, "దొరా, బావి ఎక్కడ?" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూశాడు. "గా మాట మాత్రం అనకు. ఇనవడితే అడివి నుంచి ఒకలు అత్తరు, ఠాణా నుంచి ఒకలు అత్తరు. ఇద్దరికి చాయ్ పెట్టుడు నాతోని కాదు."

"మరి పటేలా అనన్నా?"

"గదీ గంతే."

"సార్ అంట."

"నేనేం కచేరిల పని జేసిన్నా? ఉత్తగ తాతా అను. తాతలను ఎవలూ పట్టుకపోరు."

తాతా అన్నాను. ఊరంతా దొరా అని వంగిన మనిషిని తాతా అని పిలిచిన మొదటి మనిషిని నేనే. ఆయనకు మనవలు లేరు.

ఒక సాయంత్రం మగ్గాల అలవాటు మానలేక గదిలో గొంతెత్తి చదువుతున్నాను. కోరుట్లలో మగ్గాల చప్పుడు లేదన్న సంగతి మరిచిపోయాను. కిటికీ దగ్గర దగ్గు వినిపించింది.

"గా మనిషి ఇల్లిడిసి పోయిండా, పోలేదా? గంతల్నే ఆపినవేంది?"

పుట్టి బుద్ధెరిగాక నేను చదివింది ఒక చెవిలో పడడం అదే మొదటిసారి.

"మీరు చదువుకుంటారా తాతా? పుస్తకమిస్త."

"నాకు తెలుగు సదువరాదు. నైజాం బడిల ఉర్దూల సదివిన. మాట్లాడుతనే గని అచ్చరాలు తెల్వయి." అల్మారాలోంచి తన పుస్తకాలు చూపించాడు. ఉర్దూ పుస్తకం మనకు వెనక అట్ట అనిపించే చోట మొదలై, కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. వాటిని ఎన్నిసార్లు చదివాడో, కాగితాల మీద అక్షరాలు సగం అరిగి ఆయన వేలికి అంటుకుపోయి ఉంటాయి. "గియ్యి ఇగ నన్నే సదువుతున్నయి," అన్నాడు.

ఆ రోజు నుంచి సాయంత్రం నా కచేరీ అరుగు మీదికి మారింది. పుస్తకం ఆ కిలోన్నర నవలే. అందులో ఒక రైతు అన్నదమ్ములతో పోట్లాడి ఊరొదిలి, ఎక్కడో దూర పట్నంలో కూలి చేసి, ముసలితనంలో కాలినడకన ఇంటికి బయలుదేరతాడు. చేరతాడా చేరడా అన్నది కథ. మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం ఉండేది. ఆయన లేకుండా నేను తర్వాతి పేజీలు చూడకూడదు. చూడలేదు. ఆకలైనప్పుడు అన్నం గిన్నె ముందు కూర్చుని తినకుండా ఉండడం సులువు, ఇది కష్టం.

అయితే రాసినాయన మహా పొదుపరి. ముసలాయన రోడ్డు మీద ఒక్కడే నడుస్తుంటే పేజీలకు పేజీలు ఎండ, దుమ్ము. నాకు జాలేసింది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆ దారిలోకి ఒక మేకను వదిలాను. ఒంటి కొమ్ము మేక. పుస్తకంలో మేక లేదు. ముసలాయన వెంట పడింది, ఎంత తరిమినా పోదు. దారిలో ఒక ఆసామి తలపాగా తినేసింది. ఒక పెళ్ళి పందిరికి కట్టిన మామిడాకులన్నీ మేసి, పెళ్ళికొడుకు బాసికం వైపు చూసింది.

తాత కుర్చీలో ఊగిపోతూ నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినిపించడం కొత్త. ఎదురింటి కిటికీ తెరుచుకుని మళ్ళీ మూసుకుంది.

ఇక మేక ఆగలేదు. రోజుకొక ఊరు ముంచింది. నాకు ఆఫీసులో కాగితాల మీద కూడా దాని డెక్కల చప్పుడే. సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎదురుచూసే మనిషి ఈ లోకంలో నేను కాక ఇంకొకరున్నారన్న ఆలోచనే నన్ను నేల మీద నిలవనిచ్చేది కాదు.

ఒక ఆదివారం పొద్దున జీపు వచ్చి ఆగింది. గదుల సోదా. ఎస్సై ఆంధ్రా వైపు మనిషి, వెంట ఇక్కడి కానిస్టేబులు. నా గది తలుపు తీసి ఎస్సై గడప మీదే నిలబడిపోయాడు.

"ఏంటయ్యా ఇవి? అన్నిటికీ యూనిఫారమా?"

"దళం లెక్క ఉన్నయి సార్," అన్నాడు కానిస్టేబులు.

మా అమ్మ ప్రేమగా కుట్టిన అంగీలు అట్లా కూడా కనిపించగలవని మాకెవరికీ తోచలేదు. ఎరుపు దాచబోయి ఏకంగా పటాలాన్ని నిలబెట్టాం. ఎస్సై ఒక అంగీ విప్పాడు, లోపల ఎర్రట్ట. అది వంటల పుస్తకమే. కానీ పేరు చదివేలోపు ఆయన ముఖం ఎర్రట్ట అంత ఎర్రగా అయింది.

"ఎవరివి ఇవన్నీ?"

నోరు ఆడించాను, కానీ సిరిసిల్లలో మగ్గాల మధ్య నిలబడినట్టు ఒక్క ముక్కా వినిపించలేదు. అరుగు వైపు నుంచి కర్ర చప్పుడు దగ్గరికి వచ్చింది.

"నాయి," అన్నాడు తాత.

ఎస్సై ఆయన్ని ఎరుగును. అన్నలు ఊరొదలగొట్టిన దొర ఇంట్లో అన్నల పుస్తకాలుంటాయని ఏ పోలీసూ అనుకోడు. అయినా అనుమానం తీరలేదు. "ఇవన్నీ మీరు చదువుతారా?"

"సదువుత. ఏం పని నాకు?"

"ఏదీ, ఒకటి చదవండి విందాం."

ఆయనకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. తాత మాత్రం నింపాదిగా వాళ్ళను అరుగు దగ్గరికి నడిపించి, కుర్చీలో కూర్చుని, పక్కనున్న మా నవలను ఒళ్ళోకి తీసుకున్నాడు. అలవాటు ప్రకారం ఉర్దూ పుస్తకం తెరిచినట్టు వెనక అట్ట తెరిచాడు. వేలు కుడి నుంచి ఎడమకు నడిపిస్తూ మొదలుపెట్టాడు. రోడ్డు, ఎండ, ముసలాయన, వెనకాల ఒంటి కొమ్ము మేక. ఒక్క మాట పొల్లు పోలేదు. తలపాగా తిన్న ఆసామి తిట్లు నేను చదివినదానికంటే రెండు ఎక్కువే ఉన్నాయి.

కానిస్టేబులు మెడ సాచాడు. "ఎనుక నుంచి సదువుతున్నరేంది?"

తాత తల ఎత్తలేదు. "మొదలు ఎట్లయిందో నాకెర్కే. కడకు ఏమైతదో సూత్తున్న."

ఎస్సై అప్పటికే స్తంభానికి ఆనుకున్నాడు. బాసికం దగ్గరికి వచ్చేసరికి పెదవి బిగబట్టాడు, ఆగలేదు, నవ్వేశాడు. "తర్వాత ఏమైంది మేక?"

"గది నాగ్గూడ తెల్వదు. అంతదాక రాలే."

ఎస్సై చేయి చాచి పుస్తకం తీసుకున్నాడు. "చదివి పంపిస్తాను," అని చంకలో పెట్టుకుని జీపెక్కాడు. మిగతా పటాలం జోలికి పోలేదు. పుస్తకం మాత్రం తిరిగి రాలేదు. పాపం, ఆయన మేక కోసం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎన్నిసార్లు గాలించాడో. ఆ జిల్లాలో అంత శ్రద్ధగా జరిగిన సోదా మరొకటి ఉండదు.

ఆ సాయంత్రం అరుగు మీద ఇద్దరం ఊరికే కూర్చున్నాం. ముసలాయన ఇల్లు చేరాడో లేదో మాకు తెలియదు. ఇంకో ప్రతి కోసం జగిత్యాలలో ఆదివారాలు గాలించాను. రద్దీ దుకాణం అతను తరాజు వైపు చూపించి, "అసొంటి బరువు మల్ల తగుల్లే సారూ," అన్నాడు.

అట్లా మూడు నాలుగు వారాలు పోయాక ఒక సాయంత్రం తాత మెల్లగా అన్నాడు. "గా తెల్లంగీలల్ల ఇంకోటి తే. దాంట్లె ఉంటదేమో సూడు."

నేను లోపలికి పోయి చేతికి దొరికింది తెచ్చాను. వరి తెగుళ్ళ నివారణ. దాన్ని తెరిచి, ముసలాయన రోడ్డు మీద ఎక్కడున్నాడో అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. రోజులు గడిచాయి, మేక ఇంకా నాలుగూళ్ళు ముంచింది. ఒకరోజు కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"ఆకు దిప్పు. ఎంత పెద్ద కాయితమైనా నాలుగొద్దుల సంది ఒక్కటే సదువుతరా?"

గతుక్కుమని తిప్పాను. దోమపోటు పోయి ఆకుముడత వచ్చింది.

"తాతా, మీకు..."

"మేక గా బుక్కులల్లనే లేదని నాకెప్పుడో ఎర్క. మేక అచ్చినప్పుడల్లా నీ కండ్లు కాయితం మీద ఉండయి. సదువు."

సిరిసిల్లకు బదిలీ కాగితం వచ్చింది ఆ ఎండాకాలంలోనే. ఇంటికి దగ్గర, మా అమ్మ సంతోషించింది. చివరి సాయంత్రం అరుగు మీద తెగుళ్ళ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కథ ముగించాలి గదా. ముసలాయనను ఊరి పొలిమేర దాకా తెచ్చి పెట్టాను. ఇంటి తలుపు తెరిచి ఉంటుంది, అన్నదమ్ములు ఎదురొస్తారు, అంతా సిద్ధం చేసుకున్నాను.

"ఇయ్యాల ఇంటికి చేర్పియ్యన్నా తాతా?"

ఆయన బజారు వైపు చూశాడు. బజారులో ఒక్క మనిషీ లేడు.

"వద్దు," అన్నాడు. "ఇంట్ల ఎవలున్నరు? తాళం తీసి ఒక్కడే లోపటికి వోవాలె. మేకను ఇంట్లకు రానియ్యరు. తొవ్వలనే నడువనీ. తొవ్వల అయితే అది ఎంబడి ఉంటది."

పుస్తకం మూశాను. ముసలాయన పొలిమేర దగ్గరే ఆగిపోయాడు. తాత ఆ ఇంట్లోనే పోయాడని తర్వాత ఎవరో చెప్పారు. అప్పటికి ఇల్లు చేతులు మారింది, అరుగు పోయి షట్టర్లు వచ్చాయి.

ఇప్పుడు నేను జగిత్యాలలో ఉంటున్నాను. పుస్తకాలు పెరిగి పెరిగి, ఇంటికి వచ్చిన కొరియర్ మనిషి లైబ్రరీ అనుకుని చెప్పులు విడిచి లోపలికి వస్తాడు. అన్నల భయం లేదు, ఠాణా భయం లేదు, ఎర్రట్టలు దర్జాగా ఎర్రగానే ఉన్నాయి. గదికి రమ్మంటే ఇప్పుడు కూడా ఎవరో ఒకరికి మోకాలి నొప్పి. ఆ నొప్పి మాత్రం నిజమైనది, మా వయసు అట్లాంటిది.

మొన్నామధ్య పాత పుస్తకాల కుప్పలో ఆ కిలోన్నర నవల ఇంకో ప్రతి దొరికింది. చివరి పేజీలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇంటికి తెచ్చి తెల్ల బట్టతో అంగీ కుట్టుకున్నాను. మా అమ్మ కుట్టినంత బాగా రాలేదు, భుజాల దగ్గర ఎగపట్టింది. సాయంత్రం పూట ఎదురుగా ఒక చేతుల కుర్చీ వేసుకుని మొదటి నుంచి గట్టిగా చదువుతాను. ఎస్సై పట్టుకుపోయిన చోటు వచ్చేసరికి ఆపుతాను. ఆ తర్వాతి కాగితాలు ఇప్పటికీ చూడలేదు. ఆకులు మాత్రం చప్పుడు వచ్చేటట్టు తిప్పుతాను. ఎండలో ముసలాయన ఒక్కడే నడిచే పేజీలు వచ్చినప్పుడు నా కళ్ళు కాగితం మీద ఉండవు.